కిటికీలో ఎన్ని చేతులు

శుక్రవారం మధ్యాహ్నం ఓపీ మూసేసిన తర్వాత ఎస్తేరు ఇంటికి పోలేదు. హాల్లో కొత్తగా పెట్టిన కంప్యూటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆ రోజు దానికి పరీక్ష. పరీక్ష దానికైతే చెమటలు మాత్రం ఎస్తేరుకు పడుతున్నాయి.

వరంగల్‌లోని ఆ మిషన్ దవాఖానలో ఆమె ఇరవై రెండేళ్లుగా చీటీల కిటికీ దగ్గర పనిచేస్తున్నది. రోగి వచ్చి పేరు చెబితే మేడ మీది గదికి పోయి పాత కార్డు వెతికి తేవాలి. మెట్లు ఇరవై ఆరు. వానాకాలం జ్వరాలప్పుడు అవే మెట్లు పొద్దున్నే ముప్పై సార్లు ఎక్కాలి. మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. అంతకన్నా ఆమెకు బాధ కలిగించేది కార్డు దొరకని రోజు. దొరక్కపోతే కొత్త కార్డు రాసి లోపలికి పంపడమే. ఎవరికి ఏ మందు పడలేదో, ఏ సూది వికటించిందో పాత కార్డుకే తెలుసు, కొత్త కార్డుకేం తెలుసు?

అందుకే పోయిన ఏడాది, ఎనభై ఏడులో, సిబ్బంది మీటింగులో ఆమే లేచి నిలబడింది. "సార్, పట్నంల దవాఖానల్ల కంప్యూటర్లు వెడుతాండ్రట. మనకూ ఒకటి దెప్పియ్యరాదు?" అని అడిగింది. అందరూ నవ్వారు. సూపరింటెండెంటు డాక్టర్ ఆనందరావు నవ్వలేదు. ఏడాది తిరిగేసరికి తెప్పించాడు. అయితే ఒక షరతు మీద తెప్పించాడు. పరీక్షలో నెగ్గితేనే సంతకం, లేకుంటే సోమవారం సాయంత్రం కంపెనీ వ్యాను వచ్చి దాన్ని ఖమ్మంలో ఇంకో దవాఖానకు తీసుకుపోతుంది. ఖమ్మం వాళ్లు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారట.

కంపెనీ తరఫున వచ్చిన భారతి ఈ ఊళ్లోనే మట్టెవాడ పిల్ల. ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది. నాలుగు నెలలు ఇక్కడే కూర్చుని నలభై వేల కార్డులూ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. గేటు దగ్గర ఉండే మొగిలి గంపలకెత్తి కార్డులు కిందికి తెచ్చేవాడు, మళ్లీ మోసుకుపోయేవాడు. ఆరు కిటికీలకూ ఆరు తెరలు బిగించడం కూడా అయిపోయింది.

"రెండు నూర్ల మందిని తెచ్చి నిలవెట్టి పరీక్ష జెయ్యలేం గదమ్మా," అంది భారతి. "అందుకే రోగుల తీరుగ అడిగే ప్రోగ్రాం ఒకటి రాసిన. ఉత్తుత్తి రోగులన్నట్టు. దానికి 'గుంపు' అని పేరు పెట్టిన."

"ఉత్తుత్తి రోగులైతే మంచిదే. తమ్మరు, దగ్గరు," అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ మొగిలి.

భారతి ఒక్క వరుస టైపు చేసింది. గుంపు అని కొట్టి, పక్కన రెండు వందలు, ఆ పక్కన ఒకటి. బటన్ నొక్కింది. కంప్యూటర్ గుర్రుమంది. పది నిమిషాలు గడిచాయి. ఆ తర్వాత ప్రింటర్ కర్రుకర్రుమంటూ కాగితం బయటికి నెట్టింది. అడిగినవి రెండు వందలు. జవాబు వచ్చినవి రెండు వందలు. ఒక్కో జవాబుకు పట్టిన సమయం మూడు సెకన్లు.

"శభాష్," అన్నాడు డాక్టర్ ఆనందరావు. జేబులోంచి పెన్ను తీశాడు.

ఎస్తేరుకు కళ్లు చెమ్మగిల్లాయి. మూడు సెకన్లంటే చెప్పుల్లో కాలు పెట్టినంత సేపు కూడా కాదు. కాగితం ఒకసారి చేతిలోకి తీసుకుని ముచ్చటగా చూసుకుంది.

"బిడ్డా, ఈ రెండు నూర్లు ఎంతమంది అడిగిండ్రో అది. మరి పక్కనున్న ఒకటేంది?"

"ఒక్కసారికి ఎంతమంది అడుగుతరో అది అమ్మా. ఒకరికి జవాబు వచ్చినంక ఇంకొకరు అడుగుతరు."

"ఒకరా?"

"ఒకరే గద." భారతి గోడవైపు చెయ్యి చూపింది. అక్కడ నీలం రంగు బోర్డు మీద తెల్లటి అక్షరాలతో రాసి ఉంది. ఒక్కరొక్కరుగా వరుసలో రావలెను. "మీ రూలు జూసే రాసిన నేను."

మొగిలి ముందు దగ్గాడు, తర్వాత నవ్వాడు, ఇంక ఆగలేక తలుపు పట్టుకుని వంగిపోయాడు. "అయ్యో బిడ్డా! ఆ బోర్డు సదివినోళ్లల్ల నువ్వే మొదటిదానివి!"

"గుంపని పేరు వెట్టి ఒక్కణ్నే పంపితివా?" అంది ఎస్తేరు. నవ్వబోతూ డాక్టరుగారి చేతివైపు చూసింది. డాక్టరుగారి పెన్ను మూత తీసి ఉంది. నోరు మూసుకుని ఊరుకుంటే ఆ పెన్ను కాగితం మీద పడుతుంది, కంప్యూటర్ తనదవుతుంది. మాట్లాడితే ఖమ్మం పోవచ్చు. కానీ సోమవారం పొద్దున ఆ కిటికీ వెనక కూర్చునేది తనే. తొమ్మిది గంటలకు తలుపు తీయగానే ఏం జరుగుతుందో డాక్టరుగారికి తెలియదు, ఆయన ఇంకో దారిన వస్తాడు.

"సార్," అంది. "జర ఆగుండ్రి. మేము ఒక్క పేరు విని మీదికి పోం. ఐదుగురి పేర్లు రాసుకొని ఒక్కసారే పోతం. గట్లుంటెనే పని సాగుద్ది. ఈ తెరల మీద గుడ గంతే, జవాబు వచ్చేదాంక కూసోకుంట ఐదు పేర్లూ కొడ్తం. ఈ పరీక్ష మా లెక్కది గాదు."

డాక్టర్ పెన్ను మూత పెట్టాడు. ఆ టిక్కుమన్న చప్పుడు ఎస్తేరు గుండెలో వినబడింది.

"అన్ని కిటికీలకూ కలిపి ఒక్కసారికి ఎంతమంది మరి?" అని అడిగాడు ఆయన.

ఎవరూ ఎన్నడూ లెక్కపెట్టలేదు. భారతి ముఖం ఎర్రబడింది, కానీ సంచిలోంచి నోటుబుక్కు తీసింది. "రేపు పొద్దుగాల వచ్చి నేనే లెక్కవెడ్త."

శనివారం ఎనిమిదిన్నరకు భారతి వచ్చి ఎస్తేరు కిటికీ పక్కన కుర్చీ వేసుకుంది. తొమ్మిదికి మొగిలి తలుపు గడియ తీసి, అలవాటు ప్రకారం పక్కకు దూకాడు. జనం తోసుకొచ్చారు. కిటికీలోకి ఒక చెయ్యి వచ్చింది, దాని మీంచి ఇంకోటి, కింది నుంచి గాజుల చెయ్యి.

"మడికొండ, రాజేశ్వరి! ముందు నేనొచ్చిన!"

"నువ్వెక్కడ ముందొచ్చినవ్? నేను బండి దిగంగనే నీ నెత్తి నా ఎనుక ఉండె!"

"అమ్మా, కొత్తవాడ, జంపఖానలు నేసే వెంకట్రాజం. నా చీటీ ముందుగాల రాయి, మగ్గం మీద పని ఆగిపోయింది."

"మగ్గం ఆగితే ఆగనీ, మా మామకు ఊపిరాగుతాంది!" అంది వెనక నుంచి ఒక ఆడమనిషి. ఆ మామ పక్కనే నిలబడి శుభ్రంగా బీడీ చెవి సందున పెట్టుకుంటున్నాడు.

భారతి లెక్కపెట్టింది. ఐదు. ఆరో చెయ్యి దూరడానికి చూసింది గానీ కిటికీ కన్నంలో చోటు లేక వెనక్కి పోయింది. లేచి మిగతా కిటికీలు చూసి రాబోతే ఎవరో చేతుల్లో పసివాణ్ని పెట్టి, "జర పట్టుకో చెల్లె, చీటీ తీసుకొనొస్త," అని మాయమయ్యారు. పసివాణ్ని చంకనేసుకునే ఆరు కిటికీలూ తిరిగింది. అన్నింటా అంతే. ఆరు ఐదులు ముప్పై.

మధ్యాహ్నం ఓపీ మూసేశాక మళ్లీ పరీక్ష. గుంపు, రెండు వందలు, ముప్పై. ఈసారి కంప్యూటర్ గుర్రుమనడం కాదు, మూలిగింది. తెర మీద అక్షరాలు కదలకుండా నిలిచిపోయాయి. నిమిషం దాటినా జవాబు రాకపోతే రోగి విసిగి వెళ్లిపోయినట్టు లెక్క రాసుకోమని భారతి ప్రోగ్రాంలో ముందే చెప్పి ఉంచింది. కాగితం వచ్చింది. రెండు వందల్లో తొంభై మూడు మంది విసిగి వెళ్లిపోయారు.

"ఇది గుంపంటే," అన్నాడు మొగిలి. కాని ఎవరూ నవ్వలేదు.

"పదికి చూడమ్మా," అన్నాడు డాక్టర్. పది పెడితే ముప్పై సెకన్లు. ఆరు పెడితే పద్దెనిమిది.

"ఆరుగురికే ఇట్లయితే ఎట్లమ్మా? ముప్పై మందిని మనం ఆపలేం. సోమవారం వ్యాను వస్తుంది," అని డాక్టర్ నెమ్మదిగా అన్నాడు. "ఎస్తేరమ్మా, నువ్వు చెప్పకపోతే సంతకం పెట్టేవాణ్ని. మంచిపని చేసినవ్." ఆయన మెచ్చుకునే అన్నాడు. ఎస్తేరుకు మాత్రం తన చేతులతో తనే ఖమ్మం దారి చూపినట్టనిపించింది.

ఆయన వెళ్లాక భారతి బల్ల మీద గడ్డం ఆనించి కూర్చుంది. "అమ్మా, ఒక్కటి చెప్పు. నువ్వు మీదికి పోయి ఐదు కార్డులు తీసుకొని ఎంత సేపట్ల వస్తవ్?"

"మోకాళ్లు మంచిగుంటే ఆరేడు నిమిషాలు. మెట్లకే సగం."

"నలభై వేల కార్డులల్ల ఐదు, ఆరేడు నిమిషాలకా? మొదటి కార్డు నుంచి ఒక్కొక్కటి తిప్పి చూస్తే పొద్దుగూకుతది గద!"

"మొదటి నుంచి ఎవడు జూస్తడే పిచ్చిదానా?" అంది ఎస్తేరు. "రా, జూపిస్త."

నాలుగు నెలల్లో భారతి ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. పైన గదిలో గోడ నిండా చెక్క సొరుగులు. ఒక్కో సొరుగు మీద ఒక్కో ఊరి పేరు, పేటలకు వేరే సొరుగులు. ఎస్తేరు మడికొండ సొరుగు లాగింది. అందులో తండ్రి పేర్ల వారీగా అట్టముక్కలు అడ్డం పెట్టి ఉన్నాయి. "ఊరు అడుగుత. సొరుగు గుంజుత. అయ్య పేరు అడుగుత. గీ పది కార్డులల్ల ఉంటది. మిగిలినయన్ని నాకెందుకు?"

భారతి నెత్తి కొట్టుకుంది. మొగిలి గంపలో పోసి తెచ్చిన కార్డులన్నీ ఆమె ఒకే కుప్పగా ఎక్కించింది. ఎవరి పేరడిగినా కంప్యూటర్ పాపం నలభై వేలూ మొదటి నుంచి తిరగేస్తున్నది. "నీ సొరుగులన్ని దాంట్ల చెయ్యాలె అమ్మా. రేపు వస్తవా?"

"గుడి అయినంక వస్త."

ఆదివారం చర్చి నుంచి ఎస్తేరు తెల్లచీరతోనే నేరుగా వచ్చింది. సొరుగుల వరుస చెబుతూ పోయింది, భారతి కొడుతూ పోయింది. ఒకే ఊరికి రెండు పేర్లున్నచోట ఎస్తేరు ఆపేది. "గది, గిది రెండూ ఒకటే ఊరు. ముసలోళ్లు ఒకటంటరు, పిల్లలు ఇంకోటంటరు. రెండిటికీ ఒక్క సొరుగే పెట్టు." మధ్యలో ఎస్తేరు డబ్బాలోంచి తీసిన పులిహోర తిన్నారు. సాయంత్రం గంట కొట్టేసరికి పని అయింది.

సోమవారం ఓపీ పాత పద్ధతిలోనే నడిచింది. మూడు గంటలకు డాక్టర్ వచ్చాడు. బయట వ్యాను కూడా వచ్చి నిలబడింది. డ్రైవరు కిటికీలోంచి తొంగిచూశాడు. "ఎంతసేపు సార్? చీకటి పడకముందే పోవాలె."

"చాయ్ తాగి రాపో అన్నా," అంది ఎస్తేరు.

భారతి కొట్టింది. గుంపు, రెండు వందలు, ముప్పై. బటన్ నొక్కి పావు నిమిషం గడవకముందే ప్రింటర్ మొదలైంది. ఏదో తప్పు జరిగిందనుకుని ఎస్తేరు కళ్లు మూసుకుంది.

"రెండు వందలు. రెండు వందలూ వచ్చినయ్," అని భారతి గట్టిగా చదివింది. "అన్నిటికన్న ఆలస్యమైంది రెండు సెకన్లు! ఎవ్వలూ విసిగిపోలే!"

డాక్టర్ కాగితం రెండుసార్లు చదివాడు. "నలభై పెడితే?"

"పట్టరు సార్. కిటికీల ఆరో చెయ్యి దూరది," అంది ఎస్తేరు. డాక్టర్ గట్టిగా నవ్వి, ఆ కాగితం మీదే సంతకం చేశాడు. చాయ్ తాగి వచ్చిన డ్రైవరు ఖాళీ వ్యానుతో తిరిగిపోయాడు.

మంగళవారం తొమ్మిదికి మొగిలి గడియ తీశాడు. మొదటి చెయ్యి ఒక ముసలాయనది. ఊరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు. ఎస్తేరు కొట్టింది. కార్డు నంబరు, పోయినసారి పడని మందు పేరు తెర మీద కనబడ్డాయి. చీటీ రాసి చేతిలో పెట్టింది.

ముసలాయన కదల్లేదు. చీటీ వంకా ఆమె వంకా అనుమానంగా చూశాడు.

"ఏంది బిడ్డా, నువ్వు లేవనేలేదు? నా కార్డు సూడకుంటనే రాసిస్తానవా? జర మీదికి పోయి సూసి రా."

"చూసిన తాతా. గీడనే ఉంది."

"గీడెట్లుంటది? ఇరవై ఏండ్ల సంది మీదనే ఉంది. పో, నేను ఆగుత, నాకేం తొందర లేదు."

వెనక నుంచి నాలుగు చేతులు ఆయన్ని పొడుస్తున్నాయి. ఎస్తేరు ఆయనకు పడని మందు పేరు, అది వికటించి ఒళ్లంతా దద్దులెక్కిన ఏడాదితో సహా చదివి వినిపించింది. ముసలాయన నోరు తెరిచాడు. అప్పటి దద్దుల మచ్చ ఇంకా మిగిలిన తన మోచేతి వంక చూసుకున్నాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని లోపలికి నడిచాడు.

ఎస్తేరు స్టూలు మీద ఇంకొంచెం సర్దుకుని కూర్చుంది.

"ఆఁ, తర్వాత ఎవలు? ఐదుగురూ చెప్పుండ్రి, ఇంటాన."