ఇంటిపేరు లేని యాజ్ఞ

గ్రీష్మమధ్యాహ్నమార్తాండచండకిరణసంతాపంబునకు వెఱచి సముద్రతీరనగరంబెల్లఁ దలుపులు బిగించుకొని నిట్టూర్పులు విడుచుచుండ, శ్వాసయంత్రములు నిర్మించు నొక కర్మశాలయందుఁ బెద్ద ఇంజనీరగు భ్రమరాంబ, తనక్రిందఁ బనిచేయు సోమయాజి వ్రాసిన డ్రైవరును బరిశీలించుచుండెను. డ్రైవరనఁగాఁ గంప్యూటరు మాటను బరికరమున కెఱింగించు ప్రోగ్రాము. ఆ యంత్రమున గాలిపంపున కొకటియు హెచ్చరికగంట కొకటియు డ్రైవర్లు గలవు; సోమయాజి వ్రాసినది గంటది. ప్రతి యాజ్ఞకును ముందు దాని పరికరము పేరు నింటిపేరువలెఁ జేర్చి వ్రాయుట యచ్చటి యాచారము. ఏలయన నొక్క పేరివి రెండున్నచో నా కంప్యూటరు తప్పని చెప్పక కడపటఁ జేరినదానినే పిలుచును.

"గంట నాపు నాజ్ఞకు వట్టి 'ఆపు' అని పేరిడితివి. ఇంటిపేరేది నాయనా?"

"గంటకు నింటిపేరా అక్కా! సంబంధము చూడఁబోవుచున్నామా?" అని సోమయాజి నవ్వెను. ఊరందఱి దొక దారి, ఉలిపికట్టె దొక దారి! ఆసుపత్రివారు వాకిట బండి నిలిపి తొందరపెట్టుచుండిరి. భ్రమరాంబ, అయ్యో, "పోనిమ్ము" అని సంతకము చేసెను. పంపు డ్రైవరు వ్రాసినవాఁడును సోమరియై 'ఆపు' అనియే వ్రాసినాఁడని యిరువురు నెఱుఁగరు. రెండు పరికరములను వేఱువేఱుగాఁ బరీక్షించిరే గాని కలిపి పరీక్షింపరైరి.

మఱునాఁటి యుదయమున నాసుపత్రియందు ఊపిరితిత్తుల వ్యాధిచేఁ గృశించిన పైడితల్లి యను బెస్తకాంతకు నా యంత్రమే ప్రాణాధారమయ్యెను. యంత్రమును నెలకొల్ప వచ్చిన సోమయాజి మంచము ప్రక్కనే నిలిచి మురియుచుండెను. అంతలో నేదో తీఁగ సడలి గంట మ్రోఁగెను. అతఁడు తీఁగ బిగించి గంట నాపు మీట నొక్కెను. గంట యాఁగలేదు, పంపు ఆఁగెను! కడపటఁ జేరిన 'ఆపు' పంపుది. పాపము, అది యెఱుఁగక యతఁడు మరల మరల నొక్కుచునే యుండెను.

"ఏమి చేయుచున్నారండీ, ఊపిరి యాడుట లేదు!" అని నర్సు సువార్తమ్మ యఱచి రబ్బరుతిత్తిని రోగి యూపిరిగొట్టమునకుఁ దగిలించి చేతితో నొత్తసాగెను. సోమయాజి యంత్రపుఁ దెరమీఁది యక్షరములలోఁ దప్పు వెదకుచుండెను.

"అది విడువుఁడు! ఈ తిత్తి పట్టుఁడు, నేను డాక్టరుకై పోవలె. తెర కాదు, ఆమె ఱొమ్ముఁ జూడుఁడు!"

అతఁ డొత్తెను. ఱొమ్ము లేచెను. పైడితల్లి కన్నులు తెఱచి యతనినే చూచుచుండెను. వేఱొక యంత్రము వచ్చుటకు ముప్పావుగంట పట్టెను. చేయి తిమ్మిరెక్కినను మార్చుకొన వెఱచెను.