రికార్డు కాని తిట్లు

మర్నాడు పొద్దున ఆపరేషన్ చేసి అక్క గొంతుపెట్టె తీసేస్తారు. ఆ తర్వాత ఆమెకు మాట ఉండదు. ఆమె గొంతుతో పలికే యంత్రం తయారు చేయడానికి వందలకొద్దీ వాక్యాలు చదివించి, రికార్డు చేసి పంపమన్నారు ఆసుపత్రివాళ్లు. రికార్డింగు స్టూడియో నాదే ఉంది కాబట్టి మధ్యాహ్నం అక్కని తీసుకొచ్చాను. ఏడుపు రావాలి కదా మనిషన్నాక? రాలేదు. తీగలు చుట్టుకుంటూ కూర్చున్నాను.

మేం వచ్చేసరికి కరెంటు లేదు. నా మైకు ఉత్తినే పనిచేసే రకం కాదు. దాని కడుపులో బ్యాటరీ సెల్లయినా ఉండాలి, లేదా శబ్దాలు కలిపే మిక్సరు నుంచి తీగ వెంట కరెంటయినా రావాలి. ఈ రెండోదాన్ని ఫాంటమ్ అంటాం. సెల్లు వేసి, తీగ నేరుగా చిన్న రికార్డరుకి తగిలించి మొదలుపెట్టాను.

"నాకు దాహంగా ఉంది. కిటికీ వెయ్యండి. ధన్యవాదాలు," అని చదివి ఆగింది అక్క, గాజుగదిలో. "జన్మలో ఎవరికైనా ధన్యవాదాలు చెప్పానటే నేను? ఎవరు రాశార్రా బాబూ ఇవి!"

"నోరు మూసుకుని చదువు," అన్నాను తలుపు తీసి. ఏ రోజున ఏం మాటన్నానో తెలిసింది. తెలిసినా ఏమీ అనిపించలేదు. అందుకు నామీద నాకే ఒళ్లు మండింది.

సగంలో కరెంటు వచ్చింది. తీగ మిక్సరుకి మార్చి, మిక్సరుని రికార్డరుకి తగిలించి ఫాంటమ్ వేశాను. మైకులో సెల్లు తీసి జేబులో వేసుకున్నాను. మా పనివాళ్లందరికీ ఉన్న అలవాటే అది. సెల్లు లోపలే మరిచిపోతే కారి మైకుని తినేస్తుంది.

చదవడం అయ్యేసరికి అక్క గొంతు పీచుపీచుగా ఉంది. అయినా లేవలేదు.

"ఒక్కటి నా సొంతంగా చెబుతాను, పిడుగుకి." పిడుగంటే ఆమె కూతురు, పదేళ్లది.

"ఏం చెబుతావు?"

"తిడతాను. నా తిట్లు పడందే అది అన్నం తినదు, తల దువ్వుకోదు. ఆ దిక్కుమాలిన యంత్రానికి తిట్టడం ఏం వచ్చు? ఒక్కసారి కడుపునిండా తిట్టి పెడతాను, దాచిపెట్టు."

రికార్డరు ఎర్రదీపం వెలిగింది. అక్క కళ్లు మూసుకుంది. "ఒసేయ్ పిడుగా," అన్నది నా హెడ్‌ఫోన్లలో స్పష్టంగా వినిపించింది. అంతలో ఫ్యాను ఆగిపోయింది.

మిక్సరు చచ్చింది, దాంతో మైకూ చచ్చింది. తన సెల్లులమీద బతికే రికార్డరు మాత్రం ఎర్రదీపం వేసుకుని తిరుగుతూనే ఉంది. తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తాను. అక్క కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి నన్ను ఆగమంది.

"జడ ఎవరు వేస్తారే నీకు, మీ నాన్నా? దువ్వెన ఎటు పట్టుకోవాలో తెలీని మనిషి! దొంగేడుపులు ఏడిచావంటే వీపు విమానం మోత మోగిపోద్ది. దిష్టిమొహమా, తిన్నావటే అసలు? నా తల్లీ, తిన్నావా..."

ఆపమని అనలేకపోయాను. జేబులో సెల్లు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

మాట మధ్యలో గొంతు పోయింది. కళ్లు తెరిచి, "వచ్చిందా?" అని పెదాలతో అడిగింది.

"రాలేదక్కా. కరెంటు పోయింది."

సెల్లు వేసి, తీగ మార్చి మళ్లీ మొదలుపెట్టాను. అక్క నోరు తెరిచింది. ఉత్త గాలి వచ్చింది. నీళ్లు తాగించాను. మళ్లీ గాలే. చివరికి లేచి, రోగి నేనైనట్టు నా చెంప తట్టి, చెప్పులు వేసుకుంది.

తర్వాత కొన్నాళ్లకి యంత్రం వచ్చింది. టైపు చేస్తే అచ్చం అక్క గొంతే. పిడుగుని ఎదురుగా కూర్చోబెట్టుకుని చాలాసేపు ఏదో టైపు చేసింది అక్క.

"తల దువ్వుకోవే దిష్టిమొహమా. వీపు విమానం మోత మోగిపోద్ది," అంది యంత్రం, బ్యాంకులో నంబరు పిలిచినంత మర్యాదగా.

పిడుగు తెల్లబోయి చూసింది. "కోపంగా చెప్పమ్మా," అంది.

అక్క నావైపు చూసింది. నేను లేచి శబ్దం పూర్తిగా పెంచాను. అక్క మళ్లీ నొక్కింది. పక్కగదిలో బావ ఉలిక్కిపడి లేచిన చప్పుడైంది.

"అది గట్టిగా పిన్నీ," అంది పిడుగు. "కోపంగా కాదు."