ఆవిడ పెట్టని సంతకం

ఆరోగ్యశాఖ కార్యాలయంలో అందరూ ఆవిణ్ణి తాళం మేడమ్ అనేవాళ్ళు. కంప్యూటర్ల భద్రత ఆవిడ ఉద్యోగం. పాస్‌వర్డ్‌ని చీటీ మీద రాసి మానిటరుకు అంటించినవాడు దొరికాడంటే ఆ పూట వాడికి మూడినట్టే.

రోగుల రికార్డులన్నీ క్లౌడ్‌కి మార్చాలని మొదట పట్టుబట్టింది కూడా ఆవిడే. సర్వర్ గది పైకప్పు కారేది. వానొస్తే మిషన్ల మీద పట్టాలు కప్పి, కింద బకెట్లు పెట్టాల్సి వచ్చేది. "మంచి కంపెనీ దగ్గర చోటు అద్దెకు తీసుకుందాం సార్, వాళ్ళ మిషన్లు తడవవు" అని నాలుగేళ్ళు డైరెక్టరుగారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. తీరా ఒప్పుకున్నాక ఆయనకు కాలు ఒకచోట నిలవలేదు. వచ్చే సోమవారానికే మంత్రిగారి చేత ప్రారంభోత్సవం ఖాయం చేసేశారు.

దానికి ముందు శుక్రవారం పొద్దున ఆవిడ బల్ల మీదికి ఫారం వచ్చింది. 'భద్రత పరిశీలించాను. లోపాలు లేవు.' కింద సంతకానికి చోటు.

పరిశీలించింది కాబట్టే చిక్కొచ్చింది. కంపెనీవాళ్ళు పరీక్షల కోసం రికార్డులకు ఇంకో నకలు తీసుకుని, పనయ్యాక దాన్ని బార్లా తెరిచి వదిలేశారు. లింకు తెలిస్తే చాలు, పాస్‌వర్డ్‌తో పనిలేదు. ఆవిడ తన సొంత ఫోన్లో కొట్టి చూసింది. ఎవరో ఒకావిడ పేరు, ఇంటి అడ్రసు, ఏ ఏడాది మనసు బాగాలేక ఎన్నాళ్ళు ఆసుపత్రిలో ఉందో, అన్నీ కళ్ళ ముందు నిలబడ్డాయి. తాళం మేడమ్‌కి పరాయి ఇంట్లోకి చెప్పకుండా దూరినట్టనిపించి చటుక్కున మూసేసింది. ఫారం పట్టుకుని నేరుగా డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళింది. కంపెనీ మేనేజరు కూడా అక్కడే ఉన్నాడు.

"చిన్న విషయం మేడమ్, వచ్చే వారం మూసేస్తాం" అన్నాడతను, అంతా విని.

"అయితే సంతకం కూడా వచ్చే వారమే పెడతాను. ఇంకోటి, రికార్డులు ఎవరూ చదవకుండా వేసిన డిజిటల్ తాళానికి చెవి ఎవరి దగ్గరుంది?"

"మా దగ్గరే. భద్రంగా ఉంటుంది."

"ఇల్లూ మీదే, తాళంచెవీ మీ జేబులోనే. ఇక జనానికి మేమేం జవాబు చెప్పాలి?"

డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చూడమ్మా, మంత్రిగారొస్తున్నారు. మీరు పెట్టకపోతే ఇంకొకరు పెడతారు."

"పెట్టనివ్వండి సార్. వాళ్ళ చేత్తో పెట్టుకుంటారు. నా చెయ్యి మాత్రం ఈ కాగితం మీద ఆడదు."

అక్కడే నిలబడి, చూసినవన్నీ ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి ఫైల్లో గుచ్చింది. మధ్యాహ్నానికల్లా బదిలీ ఉత్తర్వు చేతికొచ్చింది. కింది అంతస్తులో స్టేషనరీ గది.

ఇంటికెళ్ళాక అత్తగారు మొహం చూసే పసిగట్టేసింది. జరిగిందంతా విని, గొంతు తగ్గించి అడిగింది. "నా మూర్ఛ సంగతి కూడా అందులో ఉందా?"

ముప్పై ఏళ్ళుగా ఇరుగుపొరుగుకి తెలియకుండా అత్తగారు మందులు మింగుతోంది.

"ఉంది అత్తయ్యా."

"సంతకం పెట్టొచ్చావా?"

"లేదు."

"బతికిపోయావు. పెట్టుంటే ఈ ఇంట్లో నీకు మంచినీళ్ళు కూడా పుట్టేవి కావు" అంటూ వేడివేడి టీ తెచ్చి చేతికిచ్చింది.

శనివారం తాళం మేడమ్ పిన్నుల డబ్బాలు లెక్కపెడుతుంటే, తన స్థానంలోకి వచ్చినాయన మెట్లు దిగి వచ్చాడు. ఎవరేమన్నా తలూపుతాడని ఆఫీసంతా ఆయన్ని 'సరే సార్' అని పిలిచేది. కాగితాల కట్ట మీద చతికిలబడ్డాడు.

"ఫైల్లో మీరు రాసింది చదివాను. ఆ లింకు నా ఫోన్లో కూడా తెరుచుకుంది మేడమ్."

"ఏం చేశారు?"

"పెట్టనన్నాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ మాట అనడం ఇదే మొదలు."

ఆవిడ నీళ్ళ సీసా అందించింది. తాగి తేరుకున్నాక చెప్పాడు. "నన్నూ ఇక్కడికే పంపిస్తామన్నారు. ఇంకో కుర్చీ వేయించమన్నాను."

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

ఇద్దరు కాదన్న ఫైలు మీద మూడోవాణ్ణి వెతకడానికి డైరెక్టరుగారికి ధైర్యం చాలలేదు. సోమవారం మంత్రిగారికి వేరే కార్యక్రమం కుదిరిందని, ప్రారంభోత్సవం వాయిదా పడిందని ప్రకటన వచ్చింది. మంగళవారం కంపెనీవాళ్ళు ఆ నకలు చెరిపేశారు. రెండు వారాలు గింజుకుని తాళంచెవి కూడా శాఖ చేతికే అప్పగించారు. ఎవరు ఏ రికార్డు తెరిచినా పేరుతో సహా నమోదయ్యే ఏర్పాటు చేశారు.

అప్పుడు డైరెక్టరుగారు ఆవిణ్ణి పైకి పిలిపించారు. క్షమించమని అనలేదు, ఆవిడ ఎదురుచూడనూ లేదు.

"మీ సీటు మీకు ఇచ్చేస్తున్నాను. ఇకనైనా కాస్త సర్దుకుపోండి" అన్నారు.

"సీటు తీసుకుంటాను సార్. సర్దుకుపోవడం మాత్రం నావల్ల కాదు. రేపు మళ్ళీ లోపం కనిపిస్తే మళ్ళీ రాస్తాను. కింది గది ఎలా ఉంటుందో చూసొచ్చాను, బాగానే ఉంది."

ఆయన ఇంకో ఫైలు ముందుకు లాక్కున్నారు. తాళం మేడమ్ తలుపు దగ్గరగా వేసి తన బల్ల వైపు నడిచింది.