భానుప్రకాశ్ మళ్లీ అవుట్

రికార్డు భానుప్రకాశ్‌ది, మోకాళ్ల దెబ్బలు నావి. మా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో వాడు క్వార్టర్‌బ్యాక్, అంటే నిలబడి బంతి విసిరేవాడు. పరుశురాం అనే నేను కుక్కలు తరిమినట్టు పరుగెత్తి, గీత దాటి దాన్ని పట్టుకునేవాణ్ని. పట్టుకుంటే పాయింట్లు జట్టుకి, పేరు వాడికి. ఇదేం న్యాయమో నాకిప్పటికీ తెలీదు.

పోయిన ఆదివారం ఫైనల్. ఇంకొక్క బంతి నా చేతిలో పడితే యూనివర్సిటీ రికార్డు వాడిదే, స్పోర్ట్స్ కోటాలో ఎం.ఏ. సీటూ వాడిదే. లేదంటే అంబర్‌పేట్‌లో వాళ్ల నాన్న బుచ్చిరాములు నడిపే కూలర్ల షాపే గతి. ఆయన షట్టరు తాళంచెవి అప్పటికే కొడుకు బ్యాగులో వేసేశాడు.

పొద్దున తార్నాకలో వాళ్లింటికి వెళ్తే భాను వాళ్లమ్మ అమృతమ్మ నాకు బగారన్నం, కోడికూర పెట్టింది. మారు వడ్డిస్తూ గొంతు తగ్గించింది.

"బిడ్డా, ఇయ్యాల ఒక్కరోజు క్యాచ్ పట్టకు. దోస్తువై ఉండి ప్రతిసారి నువ్వే వాణ్ని అవుట్ చేస్తున్నవ్."

నేను పట్టుకున్నప్పుడల్లా గ్యాలరీలో ఆవిడ కళ్లొత్తుకుంటుంటే ఇన్నాళ్లూ సంతోషమనుకున్నాం. ఇది క్రికెట్ కాదు చిన్నమ్మా, పట్టుకుంటేనే వాడు గెలిచినట్టు అని కంచంలో ఎముకలు పేర్చి మరీ చెప్పాను. గాల్లోకి లేచిన బంతిని పడితే అవుటే కదా, పెళ్లైనప్పటి నుంచీ టీవీలో చూస్తున్న తనకే ఆట నేర్పుతున్నానా అని కోప్పడి, ఇంకో లెగ్‌పీసు వేసింది. షాపులో పడితే పిల్లాడి ముఖంలో నవ్వే ఉండదని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

ఆట చివర్లో భానుగాడు విసిరాడు. బంతి నా మీదికొస్తోంది. గ్యాలరీలో అమృతమ్మ లేచి నిలబడి నాకు దండం పెడుతోంది. కడుపులో ఆవిడ పెట్టిన బగారన్నం. ఛీ, ఏం బతుకురా నాయనా అనుకుంటూనే ఎగిరి పట్టేశాను.

ఆవిడ నెత్తి కొట్టుకుని కూలబడింది. జట్టంతా వాణ్ని భుజాలకెత్తుకుంది. నన్నెవడూ చూడలేదు. కోచ్ సీటు సంగతి చెప్పగానే బుచ్చిరాములు గ్రౌండ్‌లోకొచ్చి, కొడుకు బ్యాగులోంచి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు వెళ్తే అమృతమ్మ నన్ను గుమ్మంలోనే ఆపింది.

"అవుటైనా నెత్తికెత్తుకున్నరు బిడ్డా. మీ క్యాంపసోళ్లు దేవుళ్లు. నువ్వే మంచోనివి కాదు."

లోపల భానుగాడు కోడికూర తింటున్నాడు. నాకు మంచినీళ్లిచ్చింది.