ముందు ఎగిరేది

అయినా ఈ అడవి బాతులకు ఎవరు చెబుతారు ముందున్నది అలసిపోయిందని, అరోరా ఊరు దాటాక కోత అయిపోయిన మొక్కజొన్న చేల మీదుగా అరుచుకుంటూ పోతున్నాయి, ముందున్నది పక్కకు తప్పుకుంది, ఇంకొకటి దాని చోటుకి వచ్చింది, అంతే, ఏ గొడవా లేదు, ఒకదాని రెక్క కొస దగ్గర లేచే గాలి వెనకదాన్ని మోస్తుంది, ముందున్నదాన్ని మాత్రం ఎవరూ మోయరు, ఈ ముక్క ఎన్ని ప్రెజెంటేషన్లలో చెప్పానో, ఇప్పుడు మట్టిలో కూర్చుని రెక్క ముక్కలు ఏరుతున్నాను, బాతుల్లా వరుసగా ఎగరాల్సిన నా డ్రోన్లలో ముందుది అందరూ చూస్తుండగా నేలకు కొట్టుకుంది, వెనకవి చెదిరిపోయి తలో దిక్కున దిగాయి, ఫండింగ్ ఇచ్చేవాళ్లు మర్యాదగా చేతులు కలిపి కార్లెక్కి వెళ్లిపోయారు, ప్రొఫెసర్ నా వంక చూడనేలేదు, ప్రాజెక్టు మూతపడుతుంది, దాంతో నా ఉద్యోగం, దాంతో వీసా.

ధృవ్ బ్యాటరీ విప్పి చూస్తున్నాడు, ల్యాబ్‌లో నా పక్క సీటు అతనిది, మొత్తం డ్రెయిన్ అయింది మనీషా, లాస్ట్ దాకా ఓకే ఓకే అనే సిగ్నల్ పంపింది ఇది, అన్నాడు, పంపదూ మరి, ప్రోగ్రామ్ అలా రాసింది నేనే కదా, ఇక నావల్ల కాదని ముందున్నది తానే చెప్పాలి, అప్పుడే వెనకది ముందుకు రావాలి, అదీ నిజంగా చేతకానప్పుడే, రాసేటప్పుడే ధృవ్ అన్నాడు, స్పీడ్ తగ్గితే వెనకవాటికి కనబడుతది గదా, అవే అడిగేటట్టు పెడదాం అని, నేను నవ్వాను, తన సంగతి తనకి తెలియదా అన్నాను, తెలుసు, కానీ చెప్పే సమయానికి పక్కకు తప్పుకునే ఓపిక కూడా మిగల్లేదు దానికి, పాపం, ఛీ, ప్లాస్టిక్ ముక్కకు పాపమేమిటి, నాకు మతి పోతోంది, వారంగా నిద్ర లేదు, డెమో పనంతా నేనే చేస్తానన్నాను, సగం నాకియ్యి అని ధృవ్ అడిగితే వద్దన్నాను, పొద్దున్నుంచి ఏమీ తినలేదు, తల తిరుగుతోంది, బాతులు దూరమైపోయాయి, అరుపు మాత్రం వినిపిస్తోంది.

మొహం గట్ల అయిందేంది, మంచిగనే ఉన్నవా, ధృవ్ పక్కన కూర్చుని నా చేతిలోని రెక్క ముక్క తీసుకోబోయాడు, నేను వదల్లేదు, చెప్పాలి, నావల్ల కావడం లేదని ఒక్క మాట, ఇప్పుడే, నోరు తెరిచాను, ఐయామ్ ఫైన్, నువ్వెళ్లు, అన్నాను, అతను లేచాడు, కారు వైపు నడిచాడు, డ్రోన్‌కి బాతుల పద్ధతి నేర్పానని అనుకున్నాను ఇన్నాళ్లూ, దానికి నేను నేర్పింది నా పద్ధతి.