కొసరు పన్ను

నా భార్యని బందరు రోడ్డు మీది పళ్ళ ఆస్పత్రిలో కుర్చీలో కూర్చోబెట్టి, నేను వన్ టౌన్‌కి పళ్ళు కొనడానికి వెళ్ళాను. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. ఆరోజు మాత్రం నా అంత తెలివైనవాడు కృష్ణా జిల్లాలో లేడన్న ధీమాతో నడిచాను.

నా పేరు అచ్యుతరామారావు. చల్లపల్లిలో ముప్ఫై ఏళ్ళు కామర్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా ఇంట్లో చీరలైనా, ఏడాదికి సరిపడా మిరపకాయలైనా వన్ టౌన్‌లో హోల్‌సేల్‌గా కొనాల్సిందే. కొన్నాక కొసరు అడగాల్సిందే. డజను గ్లాసులు కొంటే ఓ గరిటె, కిలో చింతపండు కొంటే పైన ఓ గుప్పెడు. కొసరు వెయ్యని కొట్టు గడప మళ్ళీ తొక్కను. దీన్ని నా భార్య బాలసరస్వతి జబ్బు అంటుంది, నేను తెలివి అంటాను.

బాలసరస్వతికి తన పళ్ళంటే గర్వం. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చెరకు గడ చేతికిస్తే కత్తి అడగదు. ఎడమవైపు పళ్ళతో తొక్క పట్టి చర్రున చీలుస్తుంది. మా వీధి పిల్లలు అది చూడటానికే వస్తారు. అలాంటి మనిషికి మొన్న వేసవిలో కుడివైపు కింది దవడ పన్ను పోటు మొదలుపెట్టింది. లవంగం నూనె అయింది, ఉప్పునీళ్ళు అయ్యాయి. అన్నం తినడం మానేసి మజ్జిగ మీద బతకడం మొదలుపెట్టాక నేను కదిలాను. మంచిచోట చూపించాలి, ఖర్చు మాత్రం తగ్గాలి, అదీ నా పట్టు.

మంచిచోటు అంటే నా ఉద్దేశంలో అద్దాల తలుపులు, ఏసీ, కాఫీ మిషన్. అవన్నీ ఉన్న ఆస్పత్రినే పట్టుకున్నాను. కుర్ర డాక్టరు పోటు పన్నుకి రూట్ కెనాల్ చేశాడు. నొప్పి పోయింది. పోయాక, దానికి క్యాప్, అంటే పైన తొడుగు, వెయ్యాలన్నాడు. దాని పక్కన రెండూ వీక్‌గా ఉన్నాయి, వాటికి కూడా వేయించేస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదన్నాడు. మూడు క్యాప్‌లకి ముప్ఫై ఆరు వేలు.

బిల్లు కౌంటర్లో ఉన్న సాయిశ్రీ అనే అమ్మాయితో అరగంట బేరమాడాను. ఆ పిల్ల విసిగిపోయి లోపలికెళ్ళి వచ్చింది.

"రేటు తగ్గించలేమన్నారండీ. కావాలంటే ఇంకో క్యాప్ ఫ్రీగా వేస్తామన్నారు."

"అయితే రాయమ్మా," అన్నాను. ఏ పన్నుకి అని అడగలేదు. ఎందుకు అని అసలే అడగలేదు. బాలసరస్వతి నా మోచెయ్యి గిల్లింది.

"మిగతా పళ్ళు బానే ఉన్నాయిగదండీ," అంది.

"వచ్చేదాన్ని వద్దంటావేంటి?" అన్నాను. పెళ్ళైన కొత్తలో స్టీలు గిన్నెల కొట్లో కూడా ఆవిడతో ఇదే మాట అన్నాను.

డాక్టరు ఆమె పళ్ళకి అచ్చు తీసుకుని, వారం తర్వాత రమ్మన్నాడు. ఆరోజు పళ్ళు అరగదీస్తారట, ఇంకో నాలుగు రోజులకి క్యాప్‌లు బిగిస్తారట. అరగదీయడమంటే గరుకు కాగితంతో రుద్దినట్టు ఏదో శుభ్రం చెయ్యడమనుకున్నాను. నా బుర్ర అప్పుడు వేరేచోట ఉంది. కౌంటర్ మీద ఓ చిన్న అట్టపెట్టె కనిపించింది. దాని మీద 'మీరా డెంటల్ ల్యాబ్, పంజా సెంటర్, వన్ టౌన్' అని ఉంది. అంటే ఈ అద్దాల తలుపులవాళ్ళు కూడా సరుకు వన్ టౌన్ నుంచే తెచ్చుకుంటున్నారన్నమాట. నేనే వెళ్ళి కొంటే సరి, డాక్టరుకి బిగింపు కూలి ఇస్తే చాలు.

అలా వారం తర్వాత ఆవిడని పదకొండింటికి కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ చేతిసంచీ, కళ్ళజోడు, గొలుసు నా దగ్గర పెట్టుకుని బయల్దేరాను.

ల్యాబ్ ఓ గోనెసంచుల గోడౌన్ పైన ఉంది. మెట్లెక్కి లోపల అడుగుపెట్టగానే అక్కడే ఆగిపోయాను. గోడ నిండా చెక్క అరలు, ఆ అరల నిండా తెల్లటి దవడలు. ఒక్కోదానికీ దారంతో ఓ చీటీ. వాటి మధ్య, భూతద్దం కళ్ళజోడు పెట్టుకుని ఒకాయన గోరంత పన్నుకి రంగు అద్దుతున్నాడు. ఆయనే నాగుల్ మీరా.

"నాలుగు క్యాప్‌లు కావాలండీ. హోల్‌సేల్ రేటు చెప్పండి," అన్నాను.

ఆయన కుంచె కింద పెట్టి, కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "ఎవరికి సార్?"

"మా ఆవిడకి."

"డాక్టరు గారు లేకుండా ఎవరికీ ఇవ్వనండీ. ఇవేం గాజులు కాదు సార్, సైజు చూసి తొడుక్కోటానికి," అన్నాడు. నేను కదలకపోయేసరికి ఆస్పత్రి పేరు, ఆవిడ పేరు అడిగాడు. చెప్పగానే లేచి, అరలోంచి ఓ అచ్చు తీసి బల్ల మీద పెట్టాడు.

ముప్ఫై నాలుగేళ్ళుగా నాకు తెలిసిన పళ్ళవి. ముందు పళ్ళ మధ్య సన్నటి సందు, పైవరసలో కాస్త పక్కకి తిరిగిన కోరపన్ను. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి బల్ల మీద నా భార్య నవ్వు సున్నంతో చేసిపెట్టి ఉంది.

"అరగదీయకముందు తీసిన అచ్చండీ ఇది. టెంపరరీ క్యాప్‌లకని ముందే పంపారు," అన్నాడు నాగుల్ మీరా. "నిన్నట్నుంచీ ఎవరినన్నా అడుగుదామనుకుంటున్నా సార్. ఇదిగో కుడిపక్క దవడ పన్ను, దీనికి క్యాప్ పడాల్సిందే. పక్క రెండూ పైకి బానే ఉన్నాయి. లోపల సంగతి ఎక్స్‌రే చూసినోళ్ళు చెప్పాలి, నేను డాక్టర్ని కాదు. కానీ ఎడంపక్క ఇది చూడండి."

కోరపన్ను వెనక పన్ను మీద ఆయన వేలు పెట్టాడు. అది చెరకు చీల్చే పన్ను.

"గీత లేదు, గుంట లేదు. ఈ వయసోళ్ళ అచ్చుల్లో ఇంత మంచి పన్ను నేను చూళ్ళేదండీ. దీనికెందుకు సార్ క్యాప్? చీటీలో ముందు మూడని రాసి, కొట్టేసి నాలుగు చేశారు."

"అది కొసరండీ," అన్నాను.

"ఏంటండీ?"

"ఫ్రీగా వేస్తామన్నారు. నేనే అడిగాను."

ఆయన ఆ పన్ను మీంచి వేలు తీశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "క్యాప్ ఫ్రీయే సార్. పెట్టేది పన్ను మీదే కదా. నాలుగు పక్కలా చెక్కేసి మొద్దు చేస్తేగానీ క్యాప్ కూర్చోదు. చెక్కింది మళ్ళీ మొలవదండీ. ఎప్పుడు చెక్కుతున్నారు?"

"ఇప్పుడే," అన్నాను.

బాలసరస్వతికి ఫోన్ చేశాను. నా భుజానికి వేలాడుతున్న ఆవిడ సంచీలోంచి రింగు వినిపించింది. ఆస్పత్రికి చేస్తే, లైన్లో ఉండమని చెప్పి పాట పెట్టారు. నాగుల్ మీరా స్కూటర్ తాళం తీసుకుని ముందు నడిచాడు. సందు నిండా తోపుడుబళ్ళు, దించుతున్న మూటలు, అడ్డంగా ఆగిన ఆటోలు. ఎప్పుడూ నాకు ముచ్చటేసే ఆ రద్దీ అప్పుడు నన్ను చంపేసింది.

స్కూటర్ మీద ఆయన రెండే మాటలు చెప్పాడు. "ఇది నేనన్నానని అక్కడ అనకండి సార్. నా పనిలో సగం వాళ్ళదే." కాస్త దూరం వెళ్ళాక, "గుణదలలో సింధూరి గారని చిన్న క్లినిక్ ఉందండీ, అక్కడ చూపించండి. నేను చేసినదాన్ని వెనక్కి పంపే డాక్టరు ఆవిడొక్కరే. వెంట్రుకంత తేడా ఉన్నా పంపేస్తారు. మిగతావాళ్ళు ఎట్టాగోట్టా కూర్చోబెట్టేస్తారు," అన్నాడు.

"ఫీజు ఎక్కువా?" అని అడిగాను. ఆ స్థితిలో కూడా ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. ఆయన స్కూటర్ వేగం పెంచాడు. ఆస్పత్రికి ఒక సందు ఇవతల నన్ను దించి వెళ్ళిపోయాడు.

నేను చెప్పులతోనే లోపలికి దూసుకెళ్ళాను. మిషన్ ఆగి ఉంది. బాలసరస్వతి నోట్లో కుడిపక్క దూది. నన్ను చూసి ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆపండి. ఎడంపక్క పన్ను ముట్టుకోకండి," అన్నాను.

డాక్టరు మాస్క్ కిందికి లాగాడు. "అదే ముందు చేశాం సార్. చిన్నది, ఈజీగా అయిపోతుందని. ఇప్పుడు కుడివైపు మొదలుపెడుతున్నాం."

"అది మంచి పన్నయ్యా."

"మంచిదే సార్," అన్నాడు ఆ కుర్రాడు, ఎంతో మర్యాదగా. "కానీ మీరే కదా ఇంకోటి కలపమన్నారు."

తిట్టడానికి ఎంత వెతుక్కున్నా నేను తప్ప ఎవరూ దొరకలేదు. నిజానికి అతన్ని కూడా తిట్టాల్సింది. పన్ను మంచిదని తెలిసి చెక్కినవాడు డాక్టరెలా అవుతాడు? కానీ ఆ మాట నాకు ఇంటికొచ్చాక తట్టింది. అప్పుడు మాత్రం బాలసరస్వతి నాలుకతో ఆ పన్నుని తడుముకోవడం చూస్తూ ఉండిపోయాను. ఒకసారి తడిమింది. మళ్ళీ తడిమింది. అక్కడ ఉండాల్సింది లేదని తెలుస్తున్నట్టు మెల్లగా నోరు మూసుకుంది.

మిగతా పళ్ళు ముట్టుకోనివ్వకుండా ఆవిణ్ణి ఇంటికి తీసుకొచ్చేశాను. మర్నాడు గుణదల వెళ్ళాం. రెండు గదుల క్లినిక్, కాఫీ మిషన్ లేదు, గోడ మీద ధరల పట్టీ ఉంది. సింధూరి ఎక్స్‌రేని చాలాసేపు చూసింది. దవడ పన్నుకి ఒక్కదానికే క్యాప్ అవసరమంది. పక్క రెండింటికీ చిన్న ఫిల్లింగ్ చాలంది. ఎడమవైపు దాన్ని చూసి, "దీనికేమైంది?" అని అడిగింది. నేను చెప్పాను. అంతా చెప్పాను. ఆవిడ ఆ పన్నుని ఇంకోసారి పరీక్షించింది.

"నరం బతికే ఉందండీ, అదృష్టం. కానీ ఇంక క్యాప్ వెయ్యక తప్పదు," అంది.

ఎడమవైపుకి నాగుల్ మీరా చేసిన క్యాప్‌ని ఆవిడ నిజంగానే ఒకసారి వెనక్కి పంపింది. రెండోసారి వచ్చింది సరిగ్గా కూర్చుంది. మొత్తం కలిపినా పాత ఆస్పత్రి చెప్పినదాంట్లో సగం కూడా కాలేదు. డబ్బు కట్టబోతుంటే, ఎడమవైపు దానికి ల్యాబ్ ఖర్చు ఇస్తే చాలు, తన ఫీజు వద్దంది సింధూరి.

"వద్దమ్మా, పూర్తిగా తీసుకో," అన్నాను. బాలసరస్వతి నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

ఈ ఏడు చెరకు వచ్చినప్పుడు ఆవిడ కత్తి అడిగింది. ముక్కలు కోసి ఇచ్చాను. వీధి పిల్లలు కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

నిన్న కూరల సంపూర్ణమ్మ మా గుమ్మంలో బుట్ట దించింది. వంకాయలు తూచాక, అలవాటుగా పైన రెండు వంకాయలు వెయ్యబోయింది. బాలసరస్వతి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దులే సంపూర్ణమ్మా. మా ఆయన తెచ్చిన కొసరు నా నోట్లోనే ఉంది."

అని నవ్వింది. నవ్వితే ఆ పన్ను కనబడింది. రంగు, తీరు అన్నీ సరిగ్గా కుదిరాయి, సంపూర్ణమ్మకి తేడా తెలియలేదు. నేను తల దించుకుని వంకాయలు లోపలికి పట్టుకెళ్ళాను.