చెదరని ఎర్రగీత

“నా నెయిల్ పాలిష్ ఎవరు తీశారు? నిండు సీసా సగమైంది!” ఆదివారం పొద్దున్నే కూతురు ఇల్లు పీకి పందిరి వేస్తోంది.

“నా వంక చూడకే. ఈ వయసులో రంగేసుకుని ఎవరికి చూపించను, మీ తాతయ్య ఫోటోకా?” అంది నాయనమ్మ.

“మీ అమ్మనైతే అడగనే అక్కర్లేదు. బండి తోలే చేతులకు అదొకటి తక్కువ,” అన్నాడు తండ్రి.

“నేనే తీశాను,” అంది తల్లి వంటింట్లోంచి. “కొత్తది కొనిస్తాలే. ఎందుకు తీశానో మీ మావయ్య భోజనానికి వచ్చాక చెబుతాను.”

మావయ్య అంటే తండ్రి చిన్ననాటి స్నేహితుడు, వీధి చివర మెకానిక్. ప్రతి ఆదివారం భోజనం ఈ ఇంట్లోనే.

తల్లి మందుల దుకాణం నుంచి ఇంటింటికీ మందులు చేరవేస్తుంది. పదకొండేళ్ళుగా మోటారు సైకిలు నడుపుతోంది. ఐదు నెలల క్రితం కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని వంతెన దిగుతుంటే బ్రేకు పట్టలేదు. బండి గోడకు కొట్టుకుంది. కూతురి చీలమండ విరిగింది. మెకానిక్ వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, “వారం కిందటే నా చేతులతో కొత్త బ్రేకులు వేశానురా. తప్పు బండిది కాదు, చెల్లెమ్మ కంగారుది,” అని తేల్చేశాడు.

ఆ మాట భర్త నమ్మాడు. అత్తగారు ఇరుగుపొరుగుకు చెప్పింది. మనమైతే నమ్మేవాళ్ళం కాదని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా? నడిపింది ఆడమనిషి అని తెలిశాక చక్రం విప్పి చూడాలని ఎవరికీ తోచదు. అదంతా ఆమె దిగమింగింది. కట్టు విప్పాక కూతురు అన్న మాట మాత్రం గొంతు దిగలేదు.

“వద్దులే అమ్మా. స్కూలుకి నాన్న దింపుతాడు.”

అప్పటికే తోటి రైడరు ఒకామె వెంట ఆమె ఓ పాత గోదాముకు వెళ్ళడం మొదలుపెట్టింది. బండ్లు నడిపేవాళ్ళంతా కలిసి పెట్టుకున్న సహకార వర్క్‌షాపు అది. పానాలు, జాకీలు అందరివీ. పని మాత్రం ఎవరి బండికి వాళ్ళే చేసుకోవాలి. బస్సు డిపోలో రిటైరైన ఒక పెద్దాయన పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చెబుతాడు. ఎంత బతిమాలినా పానా ముట్టుకోడు.

మొదటి రోజు వెనక చక్రం నట్టు, పానాకు పైపు తొడిగి దాని మీద నిలబడితే గానీ కదల్లేదు.

“ఈ నట్టు తిప్పి ఏళ్ళయిందమ్మా,” అన్నాడు పెద్దాయన.

“నెల కిందటే కొత్త బ్రేకులు వేశారండీ.”

“నట్టు తిప్పకుండా చక్రం ఊడదు. చక్రం ఊడకుండా బ్రేకు మారదు. మరి ఎలా వేశాడో ఆయన్నే అడుగు.”

లోపల బ్రేకులు ఇనుము తేలేదాకా అరిగి ఉన్నాయి.

ఆమె ఏడవలేదు, అడగనూ లేదు. అడిగితే మెకానిక్ నవ్వేస్తాడు, పక్కన భర్తా నవ్వుతాడు. కొత్త బ్రేకులు తన చేతులతోనే వేసుకుంది. మరో నాలుగు నెలలు ఆదివారం ఆదివారం అతనికి అడిగి మరీ వడ్డించింది. మొన్న మాత్రం, “బ్రేకు పట్టడం లేదు, అన్నయ్యకు చూపించండి,” అని భర్త చేత బండి పంపించింది. సాయంత్రానికి తిరిగొచ్చింది. కొత్తవి వేశాడట.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు.

“ఇక కంగారు పడకు చెల్లెమ్మా. గోడ ఎదురొచ్చినా బండి ఆగుతుంది,” అన్నాడు మెకానిక్. తండ్రీ నాయనమ్మా నవ్వారు. కూతురు కంచంలోకి చూసింది.

ఆమె అతనికి ఇంకో గరిటె కూర వేసింది. “మీరే మార్చారా అన్నయ్యా, పనివాళ్ళా?”

“ఇంటి బండి పరాయి చేతికిస్తానా?”

“చక్రం విప్పారా?”

“విప్పకుండా మార్చడానికి నేనేమన్నా గారడీవాణ్ణా? ఇదిగో, అమ్మ సాక్షిగా చెబుతున్నా, విప్పాను.”

“అయితే అందరూ ఒకసారి బయటికి రండి.”

వెనక చక్రం నట్టు మీద నుంచి పక్క ఇనుము మీదికి సన్నటి ఎర్రగీత ఉంది. ఎక్కడా తెగలేదు.

“నా నెయిల్ పాలిష్!” అంది కూతురు.

“బండి పంపే ముందు గీశాను.” ఆమె పానా పెట్టి నట్టును పావు చుట్టు తిప్పింది. గీత రెండు ముక్కలై చెరోవైపు పోయింది. “విప్పి ఉంటే ఇలా తెగేది.” మళ్ళీ బిగించేసింది.

“అది... పనివాడు...” అని నసిగాడు మెకానిక్.

“ఇప్పుడేగా మా అమ్మ సాక్షిగా అన్నావు!” అన్నాడు భర్త.

“కంచాలు వదిలి వచ్చాం. లోపలికి పదండి. అన్నయ్యా, మీరూ కూర్చోండి. తింటూ వినండి,” అందామె. అందరూ మళ్ళీ కంచాల ముందు కూర్చున్నారు.

“మీ కొట్టుకు ఎదురుగా ఉన్న ఖాళీ షెడ్డును మా వర్క్‌షాపు వాళ్ళు తీసుకున్నారు. రేపట్నించి సాయంత్రాలు అక్కడ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది నేనే. సగం సీసా ఒక్క గీతకే అయిపోయిందనుకున్నారా? మీ దగ్గరికొచ్చే పద్నాలుగు బండ్ల మీద, వాళ్ళకు చెప్పే గీశాను. వాటి గీతలు ఎవరివి వాళ్ళే చూసుకుంటారు, మీ కళ్ళెదుట.”

“నా నోటి దగ్గర కూడు లాగేస్తావా చెల్లెమ్మా?”

“నా బిడ్డ కాలు విరగ్గొట్టి, నా చేతికి చెడ్డపేరు తెచ్చారు. నేను మీ మంచిపేరు మాత్రమే తీసేస్తున్నాను. కాళ్ళ జోలికి రావడం లేదు.”

కూతురు తల్లి మోచెయ్యి పట్టుకుంది. “రేపు స్కూలుకి నీ వెనకే వస్తానమ్మా.”

“వెనక కూర్చోవడం తర్వాత. సాయంత్రం షెడ్డుకొచ్చి ముందు ఆ నట్టు విప్పడం నేర్చుకో. మన ప్రాణాన్ని మోసే బండి లోపల ఏముందో మనకు తెలియనంత కాలం, ఎవరో చేసిన తప్పును మన చేతికే అంటగడతారు.”